పద్నాలుగో పేరా

మా అమ్మ పేరు మీద కోర్టులో వేసిన అఫిడవిట్‌లో పద్నాలుగో పేరా మూడు లైన్లే. ప్రతివాది చాలా రోజులు పొద్దున ఆరున్నరకే బిడ్డను ఫ్లాట్‌లో ఒంటరిగా వదిలి ఉద్యోగానికి వెళ్ళేదనీ, అమ్మ వెళ్ళి తలుపు తీసేవరకూ బిడ్డ ఒక్కతే ఉండేదనీ అందులో ఉంది. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆ మాట ఆవిడ అనలేదు. అన్నది నేను.

రెండేళ్ళ కిందటి నవంబరు అది. వానలు మొదలయ్యాయి. ఈ పరాయి దేశంలో, పుంగ్గోల్ అనే పేటలో మా ఫ్లాట్ పదకొండో అంతస్తులో. నేనూ, మా ఆయన మహీధర్, అమ్మ ఉండేవాళ్ళం. పక్క బ్లాకులో మా తమ్ముడు కౌశల్, మరదలు కీర్తిక, వాళ్ళ ఆరేళ్ళ కూతురు నిఖిల. ఆగస్టులో వాళ్ళిద్దరికీ చెడింది. కీర్తిక యూనివర్సిటీ ల్యాబ్‌లో పరిశోధన చేస్తుంది. దానికి దగ్గరగా క్లెమెంటిలో ఒక గది తీసుకుని వెళ్ళిపోయింది. కౌశల్ పిల్లని తీసుకుని మా ఇంటికి వచ్చేశాడు.

"ఆ గదిలో పిల్లల్ని ఒప్పుకోరు వదినా. ఇల్లు దొరికేదాకా రెండు వారాలు చూడండి" అంది కీర్తిక.

రెండు వారాలు మూడు నెలలయ్యాయి. ఈలోగా విషయం లాయర్ల దాకా పోయింది. పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్నదే అసలు తగువు.

నాకూ మహీధర్‌కీ పిల్లలు లేరు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖంలో జాలి కనిపిస్తుంది కాబట్టి ఎవరితోనూ దాని గురించి ఎక్కువ మాట్లాడను. ఆ మూడు నెలలూ మా ఇంట్లో చిన్న చెప్పుల జత ఉండేది. స్నానాల గదిలోంచి "అత్తా, టవల్!" అని కేక వినిపించేది. జనవరిలో ఒకటో తరగతి మొదలవుతుంది కదా, యూనిఫాం కొనడానికి నువ్వే రావాలని పిల్ల నా దగ్గర మాట తీసుకుంది.

లాయరు యాకూబ్ గారి ఆఫీసు పాయా లేబర్‌లో, నేను పనిచేసే బ్యాంకుకి రెండు వీధుల అవతల. ఆయనకి ఇంగ్లీషు, తమిళం వచ్చు. తెలుగు రాదు. కౌశల్ తరఫున అమ్మ వాంగ్మూలం కావాలన్నారు. అమ్మ చెప్తుంటే నేను ఇంగ్లీషులో చెప్పాలి, ఆయన టైపు చేసుకుంటారు.

"ఆ గుంటని పొద్దున్నే ఒగ్గేసి ఎల్లిపోయేదండి" అంది అమ్మ. మాది విజయనగరం వైపు. "పాలు పట్టేది నానే, జడేసేది నానే, బడికి తోలుకెల్లేది నానే."

ఆవిడ చెప్పుకుంటున్నది తన చాకిరీ గురించి. అందులో కోడలి మీద ఫిర్యాదు లేదు. కీర్తిక పొద్దున్నే పిల్లని వదిలి వెళ్ళేదని నేను ఇంగ్లీషులో అన్నాను. యాకూబ్ గారి చేతులు కీబోర్డు మీద ఆగాయి.

"వదిలి అంటే? ఒంటరిగానా?"

నాకు తెలియక కాదు. వాళ్ళు విడిపోక ముందు కీర్తిక నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని, రెండో చేత్తో స్కూలు బ్యాగు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడేది. బెల్లు కొడితే పిల్ల లేస్తుందని ఇనుప గేటు మీద గోటితో తట్టేది. సగం రోజులు తలుపు తీసింది నేనే. పిల్ల నా భుజం మీదకి మారాకే ఆమె లిఫ్టు వైపు పరుగెత్తేది.

"అవును" అన్నాను.

అమ్మకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. కౌశల్ పక్కనే కూర్చున్నాడు. అతనికి డేటా సెంటర్‌లో రాత్రి షిఫ్టు, ఆ రోజుల్లో పొద్దున ఎనిమిదికి వచ్చి మా ఇంట్లోనే కూతుర్ని చూసి వెళ్ళేవాడు. అతనూ ఏమీ అనలేదు. యాకూబ్ గారు టైపు చేసుకున్నారు.

వారం తర్వాత ప్రమాణం చేయించడానికి వెళ్ళాం. అఫిడవిట్ మొత్తం అమ్మకి తెలుగులో చదివి వినిపించడానికి సీతారామారావు అంకుల్ అని ఒక పెద్దాయన వచ్చారు. వాళ్ళ తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్న కుటుంబం. ఆయన తెలుగు శుభ్రంగా, పుస్తకంలో ఉన్నట్టు ఉంటుంది. ఇరవై రెండు పేరాలు గడగడా చదివారు. పద్నాలుగోది కూడా ఉన్నది ఉన్నట్టే చదివారు. "ప్రతివాది... ఒంటరిగా విడిచి..." అంటుండగా అమ్మ కాస్త తికమకగా నా వైపు చూసింది. నేను తలూపాను. అమ్మ కూడా తలూపింది. సంతకం పెట్టింది.

బయటికి వచ్చి పక్కనే చిన్న చిన్న తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో టీ తాగాం. అంతా బాగా జరిగిందని కౌశల్ అన్నాడు. నా కప్పు సగంలోనే చల్లారిపోయింది.

* * *

డిసెంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం. కీర్తిక వేసిన జవాబు కాపీని యాకూబ్ గారు పంపించారు. వాన చప్పుడుకి టీవీ కూడా వినబడటం లేదు. మహీధర్ నిఖిలని బ్లాకు కింద, వాన పడని స్తంభాల మధ్య ఆడుకునే చోటికి తీసుకెళ్ళాడు. అమ్మ నేల మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు గిల్లుతోంది.

"ఏటి రాసిందే?" అని అడిగింది.

కొన్ని వదిలేసి చదవచ్చు. అది కూడా ఆలోచించాను. కానీ పేజీ తిప్పగానే కళ్ళు ఒక వాక్యం మీదే ఆగిపోయాయి. చదివాను. "నేను ఒక్కరోజు కూడా నా బిడ్డని మా అత్తగారి చేతికో, వదినగారి చేతికో ఇవ్వకుండా పనికి వెళ్ళలేదు."

"నిజవే కదా" అంది అమ్మ. "మన గుమ్మంలోకి తెచ్చి ఇచ్చీది. అందులో గొడవేటి?"

నేను పేజీ మడిచాను.

"నానేటి సెప్పానని రాసిందే?"

చెప్పాను. పద్నాలుగో పేరా మొత్తం మా వైపు మాటల్లో, ఆవిడకి అర్థమయ్యేటట్టు చెప్పాను. అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"అలగని నానెప్పుడన్నానే?"

"ఆరోజు సీతారామారావు అంకుల్ చదివారమ్మా. ప్రతివాది అని..."

"ప్రతివాది ఎవులు?"

"కీర్తిక."

"ఎవులో ఆఫీసు మనిషనుకున్నాను." నా ముఖంలోకి చూసింది. "మరి నువ్వెందుకు తలూపినావు?"

కిందనుంచి నిఖిల నవ్వు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాను. వాన తప్ప ఏమీ వినిపించలేదు.

"ఆ కాయితం తెచ్చీ" అంది అమ్మ. "ఆ ముక్క కొట్టీసి మళ్ళీ ఇచ్చీద్దాం."

"తేవడానికి కుదరదమ్మా. కోర్టులో వేసేశారు."

"నా పేరు మీద ఏసిన కాయితం నాను తీసుకోకూడదేటి?" అని అమ్మ మళ్ళీ చిక్కుళ్ళ మీదకి వంగింది.

మర్నాడు సాయంత్రం కౌశల్‌కి చెప్పాను. బ్లాకు కింద రాతి బల్ల దగ్గర కూర్చున్నాం. అతను షిఫ్టుకి బయలుదేరుతున్నాడు.

"హియరింగ్ ఇంకా పదహారు రోజులే ఉంది అక్కా. ఇప్పుడు లాయరుకి ఈ మాట చెప్పావంటే అంతే సంగతులు. ఒకటి తప్పని తేలితే మిగతావన్నీ తప్పే అనుకుంటారు."

"అమ్మ ఊరుకోదురా."

"ఊరుకునేటట్టు చెయ్యి. ఆవిడకి మర్చిపోవడం అలవాటే కదా." బ్యాగు భుజానికి తగిలించుకుని లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "నిఖిల వెళ్ళిపోతే నువ్వుండగలవా?"

జవాబు కోసం ఆగలేదు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఆఫీసులో ఒకే ఫైలు మూడుసార్లు తెరిచి మూసేదాన్ని. తప్పుడు ప్రమాణానికి శిక్ష ఏమిటని ఫోనులో వెతికి, చదివి, ఆ వెతుకులాట గుర్తులు చెరిపేసేదాన్ని. అమ్మ ఇక్కడ ఉంటున్నది నా పూచీ మీద ఇచ్చిన నివాసపు పాస్‌తో. ఆ పాస్ రద్దు చేస్తే? ఆవిడని దొంగసాక్షి అంటే? డెబ్బై ఏళ్ళ మనిషి, ఎవరింటి కరివేపాకు రెబ్బ కూడా అడక్కుండా తుంచని మనిషి. ఫోను మోగితే ముందు నంబరు చూసి, తర్వాతే ఎత్తేదాన్ని.

సాయంత్రం ఏడింటికి కీర్తిక కూతురితో మాట్లాడటానికి వీడియో కాల్ చేసేది. ఇదివరకు అమ్మ మధ్యలో దూరి, "తిన్నావా అమ్మా?" అని కోడల్ని పలకరించేది. ఎన్ని గొడవలున్నా ఆ పలకరింపు మానలేదు. ఇప్పుడు ఫోను మోగగానే వంటింట్లోకి వెళ్ళిపోతోంది.

"నానమ్మ ఎక్కడ?" అని అటునుంచి కీర్తిక అడిగింది ఒకరోజు.

"నానమ్మ hiding lah" అంది నిఖిల, ఇక్కడి పిల్లల ఇంగ్లీషు యాసలో.

"చెప్పెయ్యి రాధా" అన్నాడు మహీధర్. అతను మామూలుగా మా పుట్టింటి విషయాల్లో తలదూర్చడు. "నువ్వు చెప్పకపోతే ఆవిడే వెళ్ళి చెప్తుంది."

"ఎలా చెప్తుంది? ఏ భాషలో?"

అతను నవ్వలేదు.

గురువారం మధ్యాహ్నం రెండున్నరకి ఆఫీసులో ఫోను మోగింది. తెలియని నంబరు. యాకూబ్ గారి బిల్డింగ్ సెక్యూరిటీ. ఒక పెద్దావిడ లాబీలో కూర్చుందట, లాయరు విజిటింగ్ కార్డు చూపిస్తోందట, వెనకాల ఈ నంబరు రాసి ఉందట.

గొడుగు తీసుకోవడం కూడా మర్చిపోయి పరుగెత్తాను. అమ్మ ఇక్కడికి వచ్చి నాలుగేళ్ళయినా ఒంటరిగా ట్రైన్ ఎక్కింది లేదు. నిఖిలని స్కూల్లో దింపి, ఆ కార్డు ఎవరెవరికో చూపిస్తూ, ఒకచోట తప్పు రైలెక్కి దిగి, మళ్ళీ ఎక్కి వచ్చిందట. లాబీలో సోఫా అంచు మీద కూర్చుని ఉంది. చీర మోకాళ్ళ దాకా తడిసింది. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"నాకే ఇంగిలీసొస్తే నిన్నడగను కదే" అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఎవులికి సెప్పాలో నువ్వు సెప్పు. నానక్కడ నిలబడతాను."

పైకి వెళ్ళాం. యాకూబ్ గారు ఇంకో మీటింగుకి బయలుదేరుతున్నారు. అమ్మ తడి చీర చూసి ఆగిపోయి కుర్చీ లాగారు. అమ్మ కూర్చోలేదు.

"పద్నాలుగో పేరా తప్పు" అన్నాను. "మా అమ్మ అలా అనలేదు. ఒంటరిగానా అని మీరడిగారు. నేను అమ్మని అడక్కుండా అవునన్నాను. అది నిజం కాదని అప్పుడే నాకు తెలుసు."

ఇంతే. అన్ని రోజులు భయపడ్డదానికి, చెప్పడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "ఇది నాకు తెలిశాక ఆ పేరాని పట్టుకుని జడ్జి ముందు మాట్లాడలేనమ్మా. సరిదిద్దాలి. మీ తమ్ముడు వద్దంటే నేను కేసు వదులుకోవాలి."

"సరిదిద్దడమంటే ఆ ముక్క తీసేస్తారా?"

"వేసిన కాగితం వేసినట్టే ఉంటుంది. దాన్నెవరూ ముట్టుకోరు. ఇంకో అఫిడవిట్ వెయ్యడానికి కోర్టు అనుమతి అడుగుతాం. ఇస్తే, ఫలానా మాట తప్పు, నిజం ఇదీ అని మీ అమ్మగారు మళ్ళీ ప్రమాణం చేస్తారు. తప్పు ఎలా జరిగిందో మీరు ఇంకొకటి వెయ్యాలి. ముందు మీకంటూ వేరే లాయరుని చూసుకోండి. ఇది చిన్న విషయం కాదు. అయితే పట్టుబడక ముందే వచ్చి చెప్పారు. దానికి కొంత విలువ ఉంటుంది."

అమ్మకి చెప్పాను. ఈసారి ప్రతి మాటా చెప్పాను.

"అదీ ఉంటాదా, ఇదీ ఉంటాదా?" అంది. "ఉండనీ. రెండూ సదువుకుంటారు."

మర్నాడు కౌశల్‌ని పిలిపించారు. నేనూ వెళ్ళాను. విషయం విని అతను నా వైపు చూడలేదు.

"దాఖలు చేసేముందు మీరు డ్రాఫ్ట్ చదివారు కదా?" అని యాకూబ్ గారు అడిగారు.

"చదివాను. ఆ పేరా గమనించలేదు" అన్నాడు కౌశల్.

నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. కొత్త అఫిడవిట్ వెయ్యడానికి అతను ఒప్పుకున్నాడు. ఇంకో దారి లేదు. వెళ్తూ లిఫ్టులో మాత్రం, "నీకు తమ్ముడి కంటే కీర్తిక ఎక్కువైంది" అన్నాడు.

కోర్టు అనుమతి ఇచ్చింది. అమ్మ మళ్ళీ ప్రమాణం చేసింది. సీతారామారావు అంకులే వచ్చారు. ఈసారి అమ్మ ఆయన్ని నాలుగుసార్లు ఆపింది. "ప్రతివాది అనకండి బాబూ, కీర్తిక అనండి" అంది. ఆయన నవ్వి అలాగే చదివారు. తర్వాత నా వంతు. నా అఫిడవిట్ ఒకటిన్నర పేజీ. "అది నిజం కాదని నాకు తెలుసు" అనే వాక్యాన్ని మెత్తగా రాయచ్చని నా లాయరు రెండు రకాలుగా రాసి చూపించింది. వద్దన్నాను. ధైర్యంతో కాదు. ఇంకో మాట మారిస్తే దాన్ని కూడా ఎప్పుడో మళ్ళీ దిద్దాల్సి వస్తుందని భయంతో.

హియరింగ్ రోజు కౌశల్, యాకూబ్ గారు లోపలికి వెళ్ళారు. అమ్మ, నేను ఇంట్లో ఉన్నాం. పదకొండుకి మొదలైంది. నిఖిల చాప మీద పడుకుని రంగులు వేస్తోంది. అమ్మ పప్పు పొయ్యి మీద పెట్టి ఉప్పు రెండుసార్లు వేసింది. ఒంటిగంటన్నరకి కౌశల్ మెసేజ్ పెట్టాడు. వారంలో రోజులు వాళ్ళమ్మ దగ్గర, శని ఆదివారాలు నాన్న దగ్గర. అంతే రాశాడు.

తర్వాత యాకూబ్ గారు ఫోనులో వివరంగా చెప్పారు. జడ్జి నన్ను గట్టిగానే మందలించారట. ఇలాంటిది చాలా తీవ్రమైన విషయమనీ, తమంతట తాము చెప్పారు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాననీ అన్నారట. అమ్మ మాటని మాత్రం నమ్ముతున్నానన్నారట. ఆ పేరా ఉన్నా లేకపోయినా తీర్పు ఇలాగే వచ్చేదేమో అని కూడా ఆయన అన్నారు. అది నన్ను ఓదార్చడానికో, నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

* * *

కీర్తిక మా దగ్గరే, రెండు స్టేషన్ల అవతల చిన్న ఫ్లాట్ తీసుకుంది. పిల్ల స్కూలు మారకూడదని. డిసెంబరు ఆఖరి శనివారం నిఖిలని తీసుకెళ్ళడానికి వచ్చింది. బట్టలు సర్ది ఉంచాను. పిల్ల లోపల నానమ్మని పట్టుకుని ఏదో చెప్తోంది. గుమ్మం దగ్గర మేమిద్దరమే నిలబడ్డాం.

"రెండో కాగితం చదివాను వదినా" అంది కీర్తిక. "మొదటిది కూడా చదివాను. అది వచ్చిన రోజు ల్యాబ్‌కి వెళ్ళలేకపోయాను. నాకే అనుమానమొచ్చింది, ఏదో ఒకరోజు అలా చేశానా అని. క్యాలెండరు ముందేసుకుని ఒక్కో తేదీ చూసుకున్నాను."

"నన్ను క్షమించు కీర్తికా."

"ఇప్పుడు కాదు వదినా" అంది. విసురుగా అనలేదు. వంగి పిల్ల చెప్పులు తీసి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు కౌశల్ కూడా తన పెట్టె సర్దుకున్నాడు. డేటా సెంటర్ దగ్గర్లో గది చూసుకున్నాడు. టాక్సీ వచ్చాక, పెట్టె ఎత్తుకుంటూ, "గమనించాను అక్కా. ఆ పేరా నేను రెండుసార్లు చదివాను" అన్నాడు. నేను ఏదో అనేలోపు లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. పదకొండో అంతస్తులో మేము మళ్ళీ ముగ్గురమే మిగిలాం. మహీధర్ భోజనాల బల్ల దగ్గర అదనపు కుర్చీలు రెండూ తీసి లోపల పెట్టాడు. నేను వాటిని మళ్ళీ బయటికి తెచ్చాను.

జనవరి రెండో తారీఖున నిఖిల స్కూలు మొదలైంది. మొదటి రోజు విరామ సమయంలో క్యాంటీన్ బయట నిలబడి చూడటానికి ఇంట్లోవాళ్ళని రానిస్తారు. అమ్మని రమ్మని కీర్తిక స్వయంగా ఫోను చేసింది. నన్ను పిలవలేదు, వద్దనీ అనలేదు. నేను సెలవు పెట్టి అమ్మని తీసుకెళ్ళాను.

కంచె పొడుగునా తల్లిదండ్రులు ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. కీర్తిక ఒక చివర ఉంది. అమ్మ నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళి, "తిన్నావా అమ్మా?" అంది. కీర్తిక తల అడ్డంగా ఊపింది. అమ్మ సంచిలోంచి డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టింది. నేను కాస్త వెనకగా ఆగిపోయాను.

ఎప్పుడు వచ్చాడో, కౌశల్ నా పక్కన నిలబడి ఉన్నాడు. షిఫ్టు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లోపల నిఖిల నూడుల్స్ వరసలో తన వంతు కోసం చూస్తోంది. యూనిఫాం భుజాల దగ్గర వదులుగా ఉంది. గిన్నెని రెండు చేతులతో పట్టుకుని ఒలకకుండా, ఒక్కో అడుగే వేస్తూ వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది. మమ్మల్ని చూడనే లేదు.

"నాకు ఇంకా కోపం పోలేదు" అన్నాడు కౌశల్, లోపలికే చూస్తూ.

"తెలుసు."

"పోతుందో లేదో కూడా తెలీదు."

"సరే."

గంట మోగింది. పిల్లలు గిన్నెలు తీసుకుని లేచారు. కౌశల్ కంచె దగ్గర్నుంచి వెనక్కి జరిగి వాచీ చూసుకున్నాడు.

"అమ్మని నేను ఇంటి దగ్గర దింపుతాను" అన్నాడు. "దింపి కాసేపు పడుకుంటాను. నీ తాళం ఇలా ఇవ్వు."

బ్యాగులోంచి ఇంటి తాళం తీసి ఇచ్చాను.